ఆవకాయ సముద్రం దాటాలంటే: చిన్న వ్యాపారి ఎగుమతికి ఏమేం కావాలి?

అమెరికాలో ఉన్న అమ్మాయికి రెండు కిలోల ఆవకాయ పార్సిల్ చేయడం వేరు, అదే ఆవకాయను అక్కడి కిరాణా దుకాణానికి రెండు వందల సీసాలు అమ్మడం వేరు. మొదటిది కానుక, రెండోది ఎగుమతి. ఇంట్లో వండి సొంతవాళ్లకు కానుకగా పంపే తిండికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ముందస్తు సమాచారం కూడా అడగదు. అమ్మకానికి పంపితే మాత్రం నిబంధనలన్నీ వర్తిస్తాయి.

దేశం నుంచి వ్యవసాయ, అనుబంధ ఉత్పత్తుల ఎగుమతులు 2024-25లో 5,000 కోట్ల డాలర్లు దాటాయి. అందులో వాటా కోసం పచ్చళ్లు, పొడులు, పసుపు, చిరుధాన్యాల బిస్కెట్లు చేసే చిన్న యూనిట్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కూడా ప్రయత్నిస్తున్నాయి. మీరూ ఆ ఆలోచనలో ఉంటే ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, డబ్బు ఎక్కడ పోయే ప్రమాదం ఉంది, ప్రభుత్వ సాయం ఎంతవరకు అందుతుంది అన్నది ముందే తెలుసుకోవాలి.

మొదట ఏ కాగితాలు?

ఎగుమతి చేసే ఎవరికైనా ముందు కావాల్సింది ఐఈసీ నంబరు. దీన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ ఇస్తుంది. పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. రుసుము 500 రూపాయలు. దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. అయితే ఏటా ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వివరాలను ఒకసారి ధ్రువీకరించాలి. ఏ మార్పూ లేకపోయినా సరే ఆ పని చేయాల్సిందే, లేదంటే నంబరు పనిచేయకుండా పోతుంది.

రెండోది ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు. ఇంటి దగ్గర చిన్నగా చేసేవాళ్లకు ఇచ్చే ప్రాథమిక రిజిస్ట్రేషన్ ఎగుమతికి చాలదు, కేంద్ర లైసెన్సు తీసుకోవాలి. మూడోది జీఎస్టీ. ఎగుమతులపై పన్ను సున్నా. ఎల్‌యూటీ అనే హామీపత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరం ఆన్‌లైన్‌లో ఇస్తే ముందు పన్ను కట్టి తర్వాత వాపసు కోసం తిరగాల్సిన పని ఉండదు. ఇక బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు, పంపిన సరుకుకు లెక్క కుదురుతుంది.

ఏ సరుకుకు ఏ బోర్డు?

చాలామంది తికమకపడేది ఇక్కడే. పండ్లు, కూరగాయలు, పచ్చళ్లు, అప్పడాలు, తేనె, బెల్లం, బియ్యం వంటివి అపెడా పరిధిలోకి వస్తాయి. మిర్చి, పసుపు వంటి సుగంధ ద్రవ్యాలు కొచ్చిలోని స్పైసెస్ బోర్డు కిందికి, రొయ్యలు, చేపలు ఎంపెడా కిందికి, అరకు కాఫీ లాంటిది కాఫీ బోర్డు కిందికి వస్తాయి. అంటే మామిడికాయ పచ్చడి పంపితే ఒక సంస్థ, అందులో వేసే కారాన్ని విడిగా పంపితే మరో సంస్థ. రెండూ పంపేవాళ్లు రెండుచోట్లా నమోదు చేసుకోవాలి.

తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాల వంటి మొక్కల ఉత్పత్తులకు వీటితోపాటు పురుగులు, తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. కేంద్ర మొక్కల క్వారంటైన్ అధికారులు సరుకు చూసి దీన్ని ఇస్తారు.

కాగితాలు అయ్యాక అసలు పరీక్ష

ఇక్కడిదాకా పెద్దగా ఖర్చు లేదు. ఓపిక ఉంటే కొద్ది వారాల్లో పూర్తవుతుంది. చిన్న వ్యాపారి చిక్కుకునేది ఆ తర్వాతే.

ఐరోపా సమాఖ్యనే చూడండి. ఒక పురుగుమందుకు అక్కడ ప్రత్యేక పరిమితి పెట్టకపోతే, కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది సాధారణ నియమం. అంటే వంద టన్నుల సరుకులో ఒక్క గ్రాము. ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్లు అన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, వాటిలో బీ1 రకం 5 దాటకూడదు. అఫ్లాటాక్సిన్ అంటే బూజు వదిలే విషం. కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు వాన పడి, తడి ఆరకుండానే బస్తాకెత్తితే బూజు పట్టే అవకాశం ఎక్కువ. ఒకసారి పట్టాక మళ్లీ ఎండబెట్టినా, కడిగినా ఆ విషం పోదు. కాబట్టి మీ కారం పొడి నాణ్యత మీ మిల్లులో కాదు, రైతు కల్లంలోనే తేలిపోతుంది.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు రెండు ప్రముఖ భారతీయ బ్రాండ్ల మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందంటూ అమ్మకాలు ఆపించడం గుర్తుండే ఉంటుంది. సూక్ష్మక్రిములను చంపడానికి వాడే ఈ వాయువుపై ఒక్కో దేశానిది ఒక్కో నియమం. ఆ ఘటన తర్వాత ఆ రెండుచోట్లకు వెళ్లే సుగంధ ద్రవ్యాలకు స్పైసెస్ బోర్డు ముందస్తు పరీక్ష తప్పనిసరి చేసింది. పెద్ద కంపెనీలకే తప్పని ఈ పరీక్షకు మీరూ సిద్ధంగా ఉండాల్సిందే. మిర్చి వ్యాపారులకు ఒక వెసులుబాటు ఏమిటంటే, బోర్డు ప్రయోగశాల ఒకటి గుంటూరులోనే ఉంది.

అమెరికాకు పచ్చళ్లు పంపితే?

సరుకు తయారుచేసే యూనిట్ ఎఫ్‌డీఏ వద్ద నమోదు కావాలి. అమెరికాలో ఉండే ఒకరిని ఏజెంటుగా చూపాలి. సరి సంఖ్య వచ్చే సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించాలి. దీనికి ఎఫ్‌డీఏ రుసుమేమీ తీసుకోదు, సర్టిఫికెట్ కూడా ఇవ్వదు. 'ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఇప్పిస్తాం' అంటూ రంగు రంగుల కాగితం చూపి వేలు అడిగేవాళ్లతో జాగ్రత్త. ఏజెంటు సేవకు డబ్బు కట్టడం వేరు, లేని సర్టిఫికెట్‌ను కొనడం వేరు.

పచ్చడి రకం కూడా ముఖ్యమే. కాలీఫ్లవర్, వెల్లుల్లి లాంటి పులుపు లేనివాటికి నిమ్మరసమో వెనిగరో కలిపి చేస్తే, వాటిని ఆమ్లం కలిపి నిల్వ చేసిన ఆహారంగా లెక్కిస్తారు. పీహెచ్ 4.6 దగ్గర గీత గీశారు. ఈ కోవలోకి వచ్చే సరుకుకు తయారీ పద్ధతిని కూడా విడిగా ఎఫ్‌డీఏకు సమర్పించాలి. మీ పచ్చడి ఏ కోవలోకి వస్తుందో ల్యాబ్‌లో ముందే తేల్చుకోండి. కోడి, మటన్ పచ్చళ్ల సంగతి వేరే. అమెరికాకు మాంసం, కోడిమాంసం ఎగుమతి చేసేందుకు అనుమతి ఉన్న దేశాల జాబితాలో భారత్ లేదు. వాటితో వ్యాపారం మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇక లేబుల్. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులు ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి. ఐరోపాలో నువ్వులతోపాటు ఆవాలు కూడా అలాంటి జాబితాలో ఉన్నాయి. నువ్వులనూనెతో కలిపిన ఆవకాయకు రెండూ వర్తిస్తాయి. మనకు రుచినిచ్చేవే అక్కడ హెచ్చరికతో రాయాల్సిన పదార్థాలు. అవి రాయని సీసాలను వెనక్కి రప్పించాల్సి వస్తే ఆ ఖర్చుకే చిన్న యూనిట్ మూతపడుతుంది.

ఒక్క ఫారం తప్పితే ఏమవుతుంది?

2025 మేలో జరిగింది చూడండి. నవీ ముంబైలో రేడియేషన్ శుద్ధి పూర్తయి, విమానంలో వెళ్లిన 15 విడతల మామిడి పండ్లను అమెరికా అధికారులు లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, అట్లాంటాల్లో తిరస్కరించారు. పండులో పురుగు ఉందని కాదు, శుద్ధికి సంబంధించిన ఫారంలో లోపం ఉందని. ఆ పత్రం నింపింది తాము కాదని ఎగుమతిదారులు మొత్తుకున్నా ఫలితం లేకపోయింది. వెనక్కి తెచ్చే ఖర్చు భరించలేక పండ్లను అక్కడే పారబోశారు. నష్టం సుమారు 5 లక్షల డాలర్లని ఎగుమతిదారుల అంచనా.

తప్పు ఎవరిదైనా నష్టం మాత్రం సరుకు యజమానిదే. అందుకే కొనుగోలుదారుతో ఒప్పందం రాసుకునేటప్పుడు, సరుకు తిరస్కరిస్తే ఎవరు భరించాలన్న మాట తప్పకుండా ఉండాలి. డబ్బు ఎగ్గొట్టే కొనుగోలుదారుల నుంచి రక్షణకు ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా ఇస్తుంది. అయితే అది ప్రధానంగా చెల్లింపు రాకపోవడానికి సంబంధించిన బీమా. మీ సరుకు నాణ్యత లోపానికి అది పూచీ పడదు.

సుంకాలదీ ఇదే తీరు. 2025 ఆగస్టు 27 నుంచి చాలా భారత సరుకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఆ నవంబరులో సుగంధ ద్రవ్యాలు, టీ, కాఫీ, కొన్ని పండ్లకు ఊరట దొరికింది. తర్వాతా మార్పులు ఆగలేదు. ధర చెప్పేముందు ఆ రోజు రేటు చూసుకోవడం తప్పనిసరి. 2022లో ఒప్పందాలు అమల్లోకి వచ్చిన యూఏఈ, ఆస్ట్రేలియాలకు పంపితే, సరుకు మన దేశానిదేనని చెప్పే సర్టిఫికెట్‌తో సుంకం తగ్గుతుంది. దాన్ని డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో తీసుకోవచ్చు.

ప్రభుత్వ సాయం ఎంతవరకు?

సాయం లేదని అనలేం. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకం చిన్న ఆహార యూనిట్లకు పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఇచ్చేలా రూపొందింది. 2025-26 వరకు కాలపరిమితి పెట్టారు కాబట్టి, దరఖాస్తుకు ముందు ప్రస్తుత స్థితిని జిల్లా అధికారుల వద్ద కనుక్కోండి. చిన్న పార్సిళ్లకు తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు ఆమోదం తెలిపింది. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు పనిచేస్తోంది.

లోటు వేరేచోట ఉంది. సబ్సిడీ యంత్రానికి సులువుగా దొరుకుతుంది కానీ ప్రతి బ్యాచ్‌కూ వేల రూపాయలయ్యే ల్యాబ్ పరీక్షకు అంత సులువుగా దొరకదు. పెద్ద ఎగుమతిదారు టన్నుల సరుకుకు ఒక పరీక్ష చేయిస్తే, చిన్న వ్యాపారి రెండు క్వింటాళ్లకే అదే రుసుము కట్టాలి. రైతు ఏ మందు ఎప్పుడు కొట్టాడన్న లెక్క పొలం దగ్గర లేకపోతే ల్యాబ్ చేయగలిగేది 'పనికిరాదు' అని చెప్పడమే. రిజిస్ట్రేషన్ల సంఖ్యతో విజయాన్ని కొలిచినంత కాలం ఈ లోటు కనిపించదు. ఎంతమంది ఐఈసీ తీసుకున్నారని కాదు, ఎంతమంది రెండో ఆర్డరు పంపారని లెక్కించాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒకే దేశం, ఒకే సరుకు ఎంచుకోండి. సీసాలు అచ్చు వేయించకముందే ల్యాబ్ పరీక్ష చేయించండి. ఫలితం బాగుంటే కొనుగోలుదారును వెతకండి. అమెరికా అయితే, సరఫరాదారును తనిఖీ చేసే చట్టపరమైన బాధ్యత దిగుమతిదారుదే. ఆ బాధ్యత ఎవరు తీసుకుంటున్నారో మొదటి మాటల్లోనే అడగండి. తడబడితే అతను మీకు సరైన కొనుగోలుదారు కాదు.

మొదటి ఏడాది సొంతంగా పంపాలన్న పట్టుదల అక్కర్లేదు. అనుభవమున్న ఎగుమతిదారుకు సరుకిస్తే లాభం తగ్గుతుంది, కానీ పని నేర్చుకోవచ్చు. నలుగురైదుగురు కలిసి, లేదా రైతు సంఘం ద్వారా, ఒకే బ్యాచ్‌గా పరీక్ష చేయించి కంటెయినర్‌లో చోటు పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది. ఇక అన్నిటికన్నా తేలికైన పని ఈ సీజన్‌లోనే మొదలుపెట్టొచ్చు. ఏ రైతు దగ్గర ఎంత కొన్నారు, అతను ఏ మందులు వాడాడు, ఏ రోజు ఆరబోశాడు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందని రేపు ఏ దేశపు అధికారి అడిగినా చూపడానికి మీ చేతిలో ఉండేది ఆ పుస్తకమే.