రానిది మనమా, డాక్టరా?

‘గిరిజనులకి మూఢనమ్మకాలెక్కువ, ఆస్పత్రికి రారు’ అంటారు. రానిది మనమా, డాక్టరా?

రూలు ప్రకారం కొండల్లో 20 వేల జనాభాకి ఒక పీహెచ్‌సీ. బిల్డింగు జ్వరం చూడదు కదా! పోస్టు ఖాళీ అయితే భారమంతా ఆశా అక్క మీదే. మనసు చెదిరినోళ్లకైతే అరకు నుంచి విశాఖ మెంటల్ ఆస్పత్రి వంద కిలోమీటర్ల పైనే. అంత దూరం పోయినా, కువిలో చెప్పిన బాధ ఎవరికర్థమవుద్ది? మానసిక వైద్యం హక్కని 2017 చట్టం అంటోంది. 14416కి ఫోన్ చెయ్యమంటారు. సిగ్నల్ లేని ఊళ్లో ఎలా?

టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని బదులు చట్టం అడుగుతున్నాం కదా, అందులో నర్సు, కౌన్సెలర్ పోస్టులూ చేర్చమందాం. మన భాషొచ్చిన పిల్లలకి ట్రైనింగిచ్చి ఇక్కడే వెయ్యాలి. వాళ్లు బదిలీ ఎందుకడుగుతారు? ఇది వాళ్ల ఊరు. గ్రామసభలో తీర్మానం పెట్టండి. జై ఆదివాసీ!