త్రిభుజం ఎందుకు మూసుకోలేదు?

పిల్లవాడు కంప్యూటర్ తెరపై రంగురంగుల ముక్కలు పేరుస్తుంటే ‘ఆటలు చాలించు’ అని గద్దించే తల్లిదండ్రులు కాస్త ఆగాలి. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’లో ప్రతి ముక్కా కంప్యూటర్‌కు ఇచ్చే ఒక ఆదేశం. పదాలు ముందే రాసి ఉంటాయి కనుక అక్షరదోషాల బెడద లేదు. పొసగని ముక్కలు అతుక్కోనే అతుక్కోవు. ఆలోచనలోని దోషం మాత్రం దాగదు. సమబాహు త్రిభుజం కోసం తెరపైని పిల్లిబొమ్మ చేత ‘100 అడుగులు కదులు, 60 డిగ్రీలు తిరుగు’ అని మూడుసార్లు చేయిస్తే చివరి గీత మొదటి చోటికి చేరదు. లోపలి కోణం 60 డిగ్రీలే. మలుపు తిరగవలసింది 120. కోణాల పాఠం వల్లించిన బిడ్డకు సైతం ఈ తేడా అక్కడే మొదటిసారి అర్థమవుతుంది. టైపు చేసే భాషలు తర్వాత ఎలాగూ నేర్వవలసిందే. అప్పటివరకు పక్కన కూర్చుని ‘ఇప్పుడు ఎంత తిరగాలి బేటా?’ అని అడగండి.