నాయకులపై నిందలు – పౌరుల ధర్మము

కొన్ని దినముల క్రిందట ఇబ్రహీంపట్టణమున పత్రికలు చదువుటకై కూడిన పెద్దల నడుమ పాములపర్తి వేంకట నరసింహారావుగారి ప్రసంగము వచ్చెను. ఒకరు, మన గడ్డపై బుట్టి ప్రధానమంత్రి పీఠమెక్కిన మహనీయుని గూర్చి కీడు పలుకుట పాపమనిరి. వేరొకరు, ఓట్లు కొని పీఠము నిలుపుకొన్నవాడు మహనీయుడెట్లగునని గద్దించిరి. మాట మీద మాట పెరిగి తుదకు ఇరువురును అలిగి లేచిపోయిరి. ఆ వాదమున మేము గమనించినది యొక్కటి. నిందించినవారికి గాని, నిందను త్రోసిపుచ్చినవారికి గాని, అసలు అభియోగమేమి, దానిని విచారించినవారెవరు, తీర్పేమి యను సంగతి తెలియదు. ఒకరికి అభిమానమే ప్రమాణము. ఒకరికి ఆగ్రహమే ప్రమాణము. ఇది ఆ యిరువురి లోపము మాత్రమే కాదు. అధికారమునందున్న నాయకుని సత్యసంధతను గూర్చిన ప్రశ్న తలయెత్తినపుడెల్ల మన తెలుగునాట జరుగుచున్నది ఇదియే. కావున ఆ విషయమునే నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

నరసింహారావుగారు సామాన్యులు కారు. 1938లో నిజాము రాష్ట్రమున వందేమాతర గీతమును నిషేధించిన కాలమున విద్యార్థి సమ్మెలో పాల్గొని ఉస్మానియా నుండి వెడలగొట్టబడి నాగపురమున చదువు ముగించినవారు. బూర్గుల రామకృష్ణారావుగారి యొద్ద న్యాయవాదవృత్తి నేర్చినవారు. భూవసతి గల కుటుంబమున పెరిగియు, ముఖ్యమంత్రియై 1972లో భూపరిమితి శాసనమునకు పూనుకొని, భూస్వాముల ఆగ్రహమునకు గురియై, 1973 జనవరిలో పదవి గోల్పోయినవారు. తన వర్గమునకే నష్టము గలిగించు చట్టమును తెచ్చిన మనుష్యుని కపటియని తేలికగా ననరాదు. ఇది ఆయన పద్దులో జమ. జమ యెంత యున్నను ఖర్చును వ్రాయకుండుట లెక్క కాదు గదా!

1991 జూన్ 21వ తేదీ నుండి 1996 మే 16వ తేదీ వరకు ఆయన ప్రధానమంత్రి. ఆ అయిదు సంవత్సరములలో ఆయనపై వచ్చిన నిందలు రెండు తెగలు. మొదటిది కపటము; రెండవది అవినీతి. ఈ రెంటిని జనులు కలగలిపి మాటలాడుదురు. న్యాయదృష్టితో చూచువారు వీనిని వేరుపరుపవలెను. ఏలయన, అవినీతికి న్యాయస్థానము గలదు. కపటమునకు ప్రజాభిప్రాయము దప్ప వేరు న్యాయస్థానము లేదు.

కపటమను నిందను ముందు విచారింతము. 1991లో ఖజానాయందు విదేశద్రవ్యము అడుగంటియుండ, రూపాయి విలువను తగ్గించి, పరిశ్రమలపై లైసెన్సుల కట్టడిని చాలవరకు సడలించిరి. చేసినది పూర్వవిధానమునకు భిన్నము. చెప్పినది మాత్రము, నెహ్రూగారి బాటనే నడచుచున్నామని. ఇది కపటమని సామ్యవాదులు నాడు నిందించిరి. మా అభిప్రాయమున విధానమును మార్చుట కపటము గాదు. పరిస్థితి మారినపుడు మార్గము మార్చని నాయకుడే ప్రమాదకారి. కాని మార్చుచు మార్చలేదని పలుకుట మాత్రము లోపమే. ఆ మార్పువలన లాభించువారెవరు, నష్టపోవువారెవరు అను చర్చ ప్రజలయెదుట తిన్నగా జరుగవలసినంత జరుగలేదు.

దీనికంటె గొప్ప నింద 1992 డిసెంబరు 6వ తేదీనాటిది. అయోధ్యలో బాబ్రీ మసీదునకు హాని జరుగనీయమని ఉత్తరప్రదేశ ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు హామీ యిచ్చెను, కేంద్రము ఆ మాటను నమ్మి యూరకుండెను, మసీదు నేలమట్టమాయెను. ప్రధాని తెలిసియే యూరకుండెనని ఒకరు, రాజ్యాంగపు హద్దులకు లోబడి మోసపోయెనని మరియొకరు నేటికిని వాదింతురు. లిబర్హాన్ సంఘము 2009లో సమర్పించిన నివేదిక ఆయనను దోషిగా నిర్ణయింపలేదు. ఐనను ఒక్క మాట లెక్కలో మిగిలియే యున్నది. మసీదును తిరిగి కట్టింతుమని ప్రభుత్వము నాడు ప్రజలకు మాట యిచ్చెను. ఆ మాట ఆయన పదవిలో నున్న మూడు సంవత్సరములకు పైగా కదలలేదు. 2019 నవంబరు 9వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ స్థలమును ఆలయమునకిచ్చి, మసీదునకు వేరొకచోట అయిదెకరములు చూపవలెనని తీర్పు చెప్పెను. అంతరంగమున నేమున్నదో మనకు తెలియదు. ఇచ్చిన మాట తెలియును, నెరవేరమియు తెలియును. కపటమును తూచుటకు పౌరునికి దొరకునట్టి తూనికరాళ్లు ఈ రెండే.

ఇక అవినీతి. 1993 జూన్ నెలలో హర్షద్ మెహతా యను షేర్ల దళారి, ప్రధానమంత్రికి కోటి రూపాయలు పెట్టెలో నందించితినని పత్రికలవారిని పిలిచి ప్రకటించెను. దేశమంతయు అట్టుడికెను. ఆ మాట రుజువు కాలేదు. పలికినవాడు తానే వేల కోట్ల బ్యాంకుల మోసమున ముద్దాయి. కావున ఆ నిందను నిజమని నేడు వల్లించుట న్యాయము గాదు. సెయింట్ కిట్స్ పత్రముల వ్యవహారమునను, లఖూభాయి పాఠక్ వ్యవహారమునను ఆయనపై వచ్చిన అభియోగములు సయితము నిలువలేదు; వీనిలో రెండవదాని తీర్పు 2003 డిసెంబరులో వచ్చెను.

మిగిలినది అన్నిటికంటె బరువైనది. 1993 జూలై 28వ తేదీన లోకసభలో అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చెను. సభలోని సభ్యులు 528, కాంగ్రెసువారు 251, సామాన్యమైన ఆధిక్యమునకు 14 తక్కువ. తీర్మానమునకు అనుకూలముగా 251, ప్రతికూలముగా 265 ఓట్లు వచ్చి ప్రభుత్వము నిలిచెను. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు నలుగురును, మరికొందరును ధనము గైకొని ప్రభుత్వమును నిలిపిరని అభియోగము. ఆ నలుగురిలో నొకరు తరువాత అప్రూవరుగా మారిరి. ప్రధానమంత్రి పదవిలో నున్నంతవరకు ఆయనపై అభియోగపత్రము రాలేదు. పదవి దిగిన పిమ్మట వచ్చెను. 2000 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఆయనను దోషియని తీర్చి, అక్టోబరులో మూడేండ్ల శిక్ష విధించెను. ఈ దేశమున నొక మాజీ ప్రధాని క్రిమినలు కేసులో దోషియనబడుట అదియే మొదలు. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అప్రూవరు మాటలు నమ్మదగినవి గావని ఆ శిక్షను కొట్టివేసెను.

కావున నరసింహారావుగారు చట్టము దృష్టిలో నిర్దోషి. ఇది మేము సంకోచము లేక చెప్పుచున్నాము. ఆయనను నేడును లంచమిచ్చినవాడని నిశ్చయముగా బలుకువారు తీర్పును ధిక్కరించుచున్నారు. కాని, ఆయన నిర్దోషియైనంత మాత్రమున నాటి సభ నిష్కళంకమని తేలినట్లు కాదు. ఈ భేదమును పాఠకులు గుర్తింపగోరుచున్నాము. ఎందుకనగా ఆ కేసులో మరియొక తీర్పు గలదు. అది యీ తీర్పుకంటె దేశమునకు ముఖ్యమైనది.

1998 ఏప్రిల్ 17వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమున అయిదుగురు న్యాయమూర్తులు విచారించి, మువ్వురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు నిలిచి తీర్పు చెప్పిరి. రాజ్యాంగము 105వ అధికరణము సభలో వేసిన ఓటును గూర్చి ఏ న్యాయస్థానమునను సభ్యుని నిలదీయరాదని చెప్పుచున్నది గాన, లంచము గైకొని ఓటు వేసిన సభ్యునిపై కేసు నడువదనియు, లంచమిచ్చినవానిపై నడుచుననియు మువ్వురి తీర్పు. మరి లంచము గైకొని ఓటు వేయకుండినవాని మాటయేమి? అతనికి రక్షణ లేదట! చూచితిరా వింత! పుచ్చుకొని మాట నిలుపుకొన్న లంచగొండికి అభయము. పుచ్చుకొని మాట తప్పినవానికి చెరసాల.

ఇబ్రహీంపట్టణపు చెరువు క్రింద పొలము దున్నుకొను రైతు ఎన్నికలలో ఐదువందలు పుచ్చుకొని ఓటు వేసినచో, నాటి భారత శిక్షాస్మృతి 171-ఇ సెక్షను క్రింద ఒక సంవత్సరము వరకు ఖైదునకు పాత్రుడై యుండెను. ఆ రైతు ఓటుతో ఢిల్లీకేగిన ప్రతినిధి లక్షలు గైకొని ఓటు వేసినచో, ఏ కోర్టును అడుగరాకుండెను. ఈ దుర్నీతి 1998 నుండి సుమారు 26 సంవత్సరములు ఈ దేశమున చట్టమై చెల్లెను. 2024 మార్చి 4వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సీతా సోరెన్ కేసులో ఏకగ్రీవముగా ఆ తీర్పును తోసివేసి, లంచము పుచ్చుకొనుటతోనే నేరము పూర్తియగుననియు, దానికి సభాహక్కుల చాటు లేదనియు తేల్చెను. అదే నెల 30వ తేదీన నరసింహారావుగారికి మరణానంతరము భారతరత్నము సమర్పింపబడెను. ఆయనకు గౌరవమును, ఆయన పేర నడచిన తీర్పునకు తిరస్కారమును ఒకే మాసమున కలుగుట కాలచిత్రము.

ఇపుడు మన తెలుగువారి నడవడిని కొంచెము చూచుకొందము. 1991లో నంద్యాల ఉపయెన్నికలో తెలుగువాడు ప్రధానియైనాడను అభిమానముచే తెలుగుదేశము పోటీకి అభ్యర్థిని నిలుపలేదు; ఆయన 5 లక్షలకు పైగా ఆధిక్యముతో గెలిచెను. ఆ అభిమానమును మేము తప్పు పట్టము. కాని 1993లో సభ తీరును గూర్చి మనము ప్రశ్నింపలేదు. మనవాడు గదాయని యూరకుంటిమి. 1996లో పదవి పోవగానే అదే నోటితో తూలనాడితిమి. 2004 డిసెంబరు 23వ తేదీన ఆయన మరణింప, ఆయన నడిపిన పక్షము యొక్క ఢిల్లీ కార్యాలయపు గేటు ఆయన శవమునకు తెరువబడలేదు. అంత్యక్రియలు హైదరాబాదున జరిగెను. నేడు అన్ని పక్షములవారును విగ్రహములకు దండలు వేయుచున్నారు. పదవిలో నుండగా భజన, దిగగానే బూతు, చచ్చిన పిదప పూజ! కపటమను మాట యెవరికి తగునో పాఠకులే నిర్ణయింతురు గాక.

పదవిలో నున్నపుడు ప్రశ్నింపనివానికి పదవి దిగిన పిదప నిందించు హక్కు లేదు. ఇది మా దృఢమైన అభిప్రాయము. పీఠముపై నున్న నాయకుని ప్రశ్నించుట దేశద్రోహము గాదు. అది రాజ్యాంగము మనకిచ్చిన పని. అట్లే ఆధారము లేని నిందను వీథులవెంట మోయుట దేశభక్తి గాదు. అది నిజమైన అభియోగమునకు గూడ విలువ లేకుండ జేయును. పది అబద్ధపు నిందల నడుమ పదునొకండవదియగు నిజము కూడ కొట్టుకొని పోవును. అవినీతిపరుడైన నాయకునికి అబద్ధాలాడు విమర్శకునికంటె మేలు చేయువాడు లేడు.

పూర్వమున సాధనములు లేవు; నేడు గలవు. 2005 నుండి సమాచారహక్కు చట్టము గలదు. సర్వోన్నత న్యాయస్థానము 2002, 2003 సంవత్సరములలో చెప్పిన తీర్పులవలన ప్రతి అభ్యర్థియు తన ఆస్తులను, అప్పులను, తనపై గల క్రిమినలు కేసులను ప్రమాణపత్రమున చూపవలెను. 2013 నాటి లోక్‌పాల్ చట్టము ప్రధానమంత్రిని సయితము తన పరిధిలోనికి దెచ్చినది. ఐతే ఆయనపై విచారణకు పూర్ణధర్మాసనమున మూడింట రెండు వంతుల సభ్యులు సమ్మతింపవలెను. కొన్ని విషయములు మినహాయింపబడినవి. విచారణ రహస్యముగా జరుగవలెను. ఈ కట్టుబాట్లు మితిమీరినవని మా అభిప్రాయము. అబద్ధపు ఫిర్యాదు చేసినవారికి శిక్షయు అందే గలదు, అది న్యాయమే. లోక్‌పాల్ పదవి మొదట నింపబడుటకు మాత్రము 2019 మార్చి వరకు కాలము పట్టెను! చట్టము చేయుట యొకయెత్తు, నడపుట పదియెత్తులు.

కావున మన పఠనమందిరములవారికి మేమొక చిన్నపని సూచించుచున్నాము. మీ బల్లపై పత్రికలతో పాటు ఒక పుస్తకముంచుడు. మీ శాసనసభ్యుడు, మీ లోకసభ సభ్యుడు, ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి బహిరంగముగా నిచ్చిన మాటలను తేదీతో ఒక ప్రక్కను, జరిగినదానిని రెండవ ప్రక్కను వ్రాయుడు. ఐదేండ్ల క్రిందటి ప్రమాణపత్రమును, నేటి ప్రమాణపత్రమును ప్రక్కప్రక్కన నతికింపుడు. ఎవరిపై నైనను నింద వచ్చినచో, చెప్పినదెవరు, ఆధారమేమి, ముద్దాయి సమాధానమేమి, కోర్టు చెప్పినదేమి యని నాలుగు పంక్తులు వ్రాయుడు. మీ పక్షమువారి పుటయు, ఎదుటి పక్షమువారి పుటయు ఒక్క సిరాతోనే వ్రాయుడు. ఆ పుస్తకమున్నచోట అలిగి లేచిపోవలసిన పని యుండదు. పుట తిప్పిన జాలును.

నరసింహారావుగారి వంటి మేధావిని గన్న నేల యిది. ఆయనను దేవుని చేయుట ఆయనకు గౌరవము గాదు. దొంగను చేయుట మనకు గౌరవము గాదు. ఆయన కాలమున మనము అడుగవలసియుండి అడుగని ప్రశ్నలను, నేడు పీఠముపై నున్నవారిని, వారు పీఠముపై నుండగనే, మర్యాదతోను ఆధారముతోను అడుగుటయే ఆయన చరిత్రమువలన మనము నేర్వదగిన పాఠము. అడుగుటకు నేడు ధైర్యము లేనివారు రేపు దూషించుటకు నోరు తెరువకుందురు గాక!