ఎలిజబెత్ వారెన్‌కి ఆ పదవి ఎందుకు దక్కలేదు?

అమెరికాలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఎలిజబెత్ వారెన్ ఆలోచన. దాని డైరెక్టరు పదవి మాత్రం ఆమెకి రాలేదు. ‘రాకపోతేనేం, 2012లో సెనేట్‌కి గెలిచిందిగా’ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఒకప్పుడు ఇంటినుంచే వీలునామాలు రాసిపెట్టిన ప్లీడరు ఆమె. తర్వాత లా ప్రొఫెసరై, దివాలా తీసిన కుటుంబాల కోర్టు కాగితాలు ఏళ్ల తరబడి తిరగేసింది. వాళ్లని ముంచింది దుబారా కాదు; ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు అని తేల్చింది. మంటలంటుకునే టోస్టరుని అమ్మనివ్వని ప్రభుత్వం కొంప ముంచే గృహరుణాన్ని ఎలా అమ్మనిస్తోందని 2007లో నిలదీసింది. 2010లో చట్టం వచ్చింది. సంస్థని నిలబెట్టే చాకిరీ ఒబామా ఆమెకే అప్పగించాడు, సలహాదారు హోదాలో! 2011 జూలైలో డైరెక్టరుగా ప్రతిపాదించింది రిచర్డ్ కార్డ్రేని.

‘సంస్థ నిర్మాణం మార్చందే ఎవరినీ ఆమోదించమని 44 మంది రిపబ్లికన్ సెనేటర్లు ముందే రాశారు, ఇందులో ఆడా మగా ఏముంది?’ అంటారు. సరే, కార్డ్రేనీ అడ్డుకున్నారు. అయినా 2012 జనవరిలో సెనేట్ ఆమోదం లేకుండానే ఒబామా అతన్ని నియమించాడు కదా! ఆ తెగువ ఆర్నెల్ల ముందు ఏమైంది? కార్డ్రే సమర్థుడే, నా తగువు అతనితో కాదు. పునాది తవ్వేటప్పుడు అడ్డురాని రాజకీయ ఇబ్బందులు, తాళాలు ఆడమనిషి చేతికివ్వాల్సినప్పుడే గుర్తురావడంతో.

2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ సంస్థ పని ఆపేయమంది. దాని ఆఫీసు ముందు జనంతో కలిసి నిలబడి నిరసన తెలిపినవాళ్లలో వారెన్ ఉంది.