తాత డాక్టరైతే మెరిట్, మనమైతే కోటా

మొన్న వైద్యవిద్య మీద జరిగిన ఒక సెమినార్‌లో కూర్చున్నాను. ఓ సీనియర్ ప్రొఫెసర్ విలియం హెన్రీ వెల్చ్ ఫొటో తెర మీద వేసి, ఇలాంటి డీన్లుంటే మన మెడికల్ కాలేజీలు రిజర్వేషన్లతో ఇంత దిగజారేవి కావన్నారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకే ఈ జవాబు.

వెల్చ్ గొప్ప పాథాలజిస్టే, కాదనను. జర్మనీలో చదివొచ్చి 1878లో న్యూయార్క్ బెల్‌వ్యూలో పాథాలజీ ల్యాబ్ మొదలుపెట్టారు. గ్యాస్ గాంగ్రీన్ బాక్టీరియాను గుర్తించారు. 1893లో బాల్టిమోర్‌లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్‌కు తొలి డీన్ ఆయనే. ఆయన తాత డాక్టరు, తండ్రి డాక్టరు, ఆ తండ్రి ఒకప్పుడు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కూడా. ఇది మాత్రం స్లైడ్‌లో లేదు. (చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరి తాతలు డాక్టర్లో అడగాలనిపించింది.)

హాప్కిన్స్ ప్రవేశ అర్హతలు ఎంత కఠినమంటే, మనం ప్రొఫెసర్లుగా వచ్చాం కాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా అయితే మనకే సీటు దొరికేది కాదని సహచరుడు ఆస్లర్ వెల్చ్‌తో అన్నారట. వాళ్లకది జోకు. మనవాళ్లు అదే మాట అంటే ఒప్పుకోలు కింద రాసుకుంటారు.

ఆ స్కూల్ నుంచి నల్లజాతి విద్యార్థులు తొలిసారి ఎండీ పట్టాతో బయటికొచ్చింది 1967లో. డెబ్బై నాలుగేళ్లు! ఈలోగా 1910లో ఫ్లెక్స్‌నర్ రిపోర్టు ఇదే హాప్కిన్స్‌ను కొలబద్దగా పట్టుకుని, నల్లవారి ఏడు మెడికల్ స్కూళ్లలో హోవర్డ్, మెహారీ రెండే నిలబెట్టదగ్గవంది. 1923 నాటికి మిగిలినవీ ఆ రెండే. నల్ల డాక్టర్లకు సర్జరీ కన్నా పారిశుధ్యం నేర్పడం మేలని కూడా అందులో ఉంది. ఎవరికే పనో పుట్టుకతోనే పంచిపెట్టే ఈ తెలివి మనకు కొత్తా? వెల్చ్ స్వయంగా యూజెనిక్స్ రికార్డ్ ఆఫీస్ శాస్త్రీయ డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నారు.

డీన్ అయిన పాథాలజిస్టు కావాలంటే రాబర్ట్ స్టూవర్ట్ జేసన్ ఉన్నారు. ప్యూర్టో రికోలో పుట్టి, హోవర్డ్‌లో వైద్యం చదివి, 1932లో షికాగోలో పాథాలజీ పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ పట్టా పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. 1955లో హోవర్డ్ డీన్ అయ్యారు. అప్పటికి హాప్కిన్స్ ఒక్క నల్లజాతి డాక్టర్‌కూ పట్టా ఇవ్వలేదు. మరి ప్రమాణం తక్కువైంది ఎక్కడ?

పోటీ పరీక్ష మార్కులే మెరిట్ కాదని 2022లో నీట్ కేసులో మన సుప్రీంకోర్టే చెప్పింది. ప్రశ్నల సమయంలో ఈ మాటా, జేసన్ పేరూ ఎత్తాను. "టాపిక్‌లోకి రండి" అన్నారు. మైకు పక్కవాళ్లకు వెళ్లిపోయింది.