ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వదిలిన విషజలాలు నక్కవాగు వెంబడి పొలాలను, బావులను ఎలా చెరిచాయో జిల్లా ప్రజలకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2009లో 18 కిలోమీటర్ల గొట్టం వేసి, అక్కడ శుద్ధి చేసిన నీటిని నగర మురుగు కాల్వ ద్వారా అంబర్‌పేట కేంద్రానికి మళ్లించారు. దీనితో సమస్య తీరిందనుకుంటే పొరపాటు.

ఇళ్ల మురుగును శుద్ధి చేసేవి సూక్ష్మజీవులు. రసాయనాల మోతాదు మించితే అవే చస్తాయి. ఆపై విషం మూసీలో కలిసి దిగువ రైతు మడికి చేరుతుంది. ఆమ్లం కలిసిన మురుగులో పుట్టే విషవాయువు కాల్వలో దిగిన కార్మికుని ప్రాణమే తీయవచ్చు.

చట్టాలకు కొదవలేదు. అనుమతి లేనిదే మురుగు కాల్వలోకి సైతం వ్యర్థజలాలు వదలరాదని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం చెబుతోంది. 1988 సవరణ కాలుష్య నియంత్రణ మండలికి కరెంటు కోయించే అధికారం కూడా ఇచ్చింది. శుద్ధి యంత్రం పనిచేయని ఫ్యాక్టరీని నడవనివ్వరాదని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

కావలసింది అమలు. పగటిపూట తనిఖీలు చాలవు. అర్ధరాత్రి, జోరువానలో కూడా గేటు వద్దే నమూనాలు తీయాలి. ఫలితాలను స్థానిక కార్యాలయాల గోడలపై అంటించాలి. నోటీసులతో సరిపెట్టక, తప్పు చేసిన ఫ్యాక్టరీకి కరెంటు కోయాలి.