పిల్లి నోట పడిన పాము

గత వర్షాకాలంలో ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకొని మేము వరండాలోకి వచ్చేసరికి వజూఖానా వెనుక పిల్లలు గుమిగూడి ఉన్నారు. మదరసా వంటశాలలో పెరిగిన బూడిదరంగు పిల్లి నడుమ కూర్చొని ఉంది. దాని ముందు రెండడుగుల పాము. పిల్లి పంజా వేయడం, వదలడం, కదలగానే మళ్లీ పట్టడం. పాము మెలిక తిరిగినప్పుడల్లా పిల్లల కేరింతలు. ఒకడు చీపురుకట్టతో దానిని పిల్లివైపు నెడుతున్నాడు కూడా. ఎనిమిదేళ్లవాడొకడు మాత్రం గోడ పక్కన నిలబడి ఏడుస్తున్నాడు.

మేము పిల్లిని అదిలించి, పిల్లలందరినీ దూరంగా జరిపించాము. ఇంతలో పై తరగతి విద్యార్థి కర్ర తెచ్చాడు. "ఉస్తాద్, నమాజులో ఉన్నా సరే పామును, తేలును చంపమని హదీసులో ఉంది కదా! ఇంకా చూస్తారేమిటి?" అన్నాడు. అతడు చెప్పినది అసత్యం కాదు. ఆ పాఠం చెప్పింది మేమే.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మా వద్ద సమాధానం సిద్ధంగా లేదు. పాము భయం అర్థం లేనిదని మేమెన్నడూ అనము. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని పరిశోధకుల అంచనా. వారిలో అత్యధికులు పల్లెవాసులు. మన పాఠకులలో అలా ఆత్మీయులను పోగొట్టుకున్నవారు ఉండకపోరు. అందువల్ల మేము ముందుగా చేసిన పని దయ కాదు, జాగ్రత్త. పొడవాటి కర్ర సాయంతో ఒక ప్లాస్టిక్ టబ్బును పాముపై బోర్లించి, దానిపై ఇటుక పెట్టించాము. అప్పటికే తీసిన ఫోటోను ఊరిలో పాములు పట్టే యువకుడికి పంపాము. పిల్లి పట్టింది కాబట్టి విషం లేనిదే అయి ఉంటుందని అనుకోరాదు. పిల్లి కట్లపామునూ పట్టగలదు.

అది నీళ్లపాము, కొన్ని ఊళ్లలో నీరుకట్టె అంటారు. కప్పలు, చేపలు దాని ఆహారం. విషం లేదు, కానీ కోపిష్ఠి. బెదిరితే మెడ వెడల్పు చేసి తల పైకెత్తుతుంది. దానిని నాగుపాము పడగగా భ్రమించి మనవాళ్లు కొట్టి చంపుతారు. మేమూ ఇరవై ఏళ్ల క్రితం ఇదే ఆవరణలో ఒక జెర్రిపోతును నాగుపామనుకొని చంపించాము. చచ్చిన తరువాత చూసిన ఒక ముసలి రైతు మావైపు చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

యువకుడు వచ్చేలోగా పిల్లలు చేయబోయిన వైద్యం చెప్పుకోదగినది. ఒకడు గిన్నెతో పాలు తెచ్చాడు, మరొకడు పసుపు. ఏడుస్తున్న చిన్నవాడు తన తువ్వాలు తడిపి తెచ్చాడు. మనసు మంచిదే, గానీ పాములు పాలు జీర్ణం చేసుకోలేవు; గాయపడిన పాముకు ఆ పూట ఏ ఆహారమూ పెట్టకూడదు. పసుపు, కిరోసిన్, సున్నం వంటివి పుండును మరింత చెరుపుతాయి. కావలసినది చీకటి, నిశ్శబ్దం, గాలి ఆడే ఒక అట్టపెట్టె, అడుగున గుడ్డ. మనం తొంగి చూసిన ప్రతిసారీ దానికి పిల్లి మళ్లీ వచ్చినట్లే. చూడకుండా ఉండటం పిల్లలకు అన్నిటికంటే కష్టమైంది. మాకూ కష్టమే అయింది.

మగ్రిబ్ వేళకు యువకుడు వచ్చి, దానిని సంచిలోకి తీసుకొని టార్చి వెలుతురులో చూపించాడు. పైకి అయిదు సూదిపోట్లవంటి చుక్కలు, అంతే. "ఇంతేనా! వదిలేద్దాం" అన్నాము. అతడు ఒప్పుకోలేదు. పిల్లి కోర సన్ననిది. రంధ్రం పైన చిన్నది, లోపల లోతైనది. పిల్లి నోటిలోని సూక్ష్మజీవులు ఆ లోతులో చేరి, పైచర్మం మూసుకున్నాక చీము పట్టిస్తాయి. పాము అప్పుడు బాగానే పాకిపోతుంది, కొన్ని రోజులకు ఏ పొదలోనో ఎవరికీ కనబడకుండా చనిపోతుంది. వదిలినవారు మాత్రం పుణ్యం చేశామన్న తృప్తితో ఉంటారు. అటవీశాఖ వారికి తెలియజేసి, మరునాడు అతడు దానిని పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాడు. ఇటువంటి పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మనమే ఇంట్లో ఉంచుకొని వైద్యం చేయడం తగదు.

ఇషా తరువాత కర్ర తెచ్చిన విద్యార్థిని పిలిచాము. అతని ప్రశ్నకు బదులు చెప్పకుండా నిద్రపోవడం న్యాయం కాదనిపించింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) కనబడిన ప్రతి పామునూ చంపేవారు. ఇళ్లలో తిరిగే పాములను చంపరాదని దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ అబూ లుబాబా (రజి) తెలుపగా మానుకున్నారు. మినా గుహలో సహాబీలు ఒక పాము మీదికి ఉరికినప్పుడు, అది తప్పించుకోగా, మీ కీడు నుండి అదీ, దాని కీడు నుండి మీరూ బయటపడ్డారన్న భావంతో దైవప్రవక్త (స) పలికారు. పాముకు మన వలన కలిగేదానికి కూడా కీడు అనే పేరే! చంపవలసి వచ్చినా బాధ పెట్టకుండా చంపమన్న ఆదేశమూ మన ముందున్నదే.

"అయితే చంపడం తప్పా, ఉస్తాద్?" అని అడిగాడు.

"మీద పడే నాగుపామును చంపితే నిన్నెవరూ తప్పు పట్టరు, బేటా. కానీ సాయంత్రం మీరు చేస్తున్నది చంపడమూ కాదు, కాపాడడమూ కాదు. తమాషా చూడడం. దానికి ఏ హదీసు చూపుతావు?" అన్నాము. అతడు తల దించుకొన్నాడు. చీపురుకట్ట పట్టుకున్నవాడు అతని తమ్ముడేనని మాకు అప్పుడు తెలియదు.

పిల్లిని తరిమేయాలని వంటమనిషి పట్టుబట్టాడు. అందులో దాని దోషమేముంది! హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వజూ నీటి పాత్రను పిల్లి కోసం వంచి పట్టిన వృత్తాంతం మన ఇళ్లలో తెలియనిది కాదు. వర్షాలు తగ్గేవరకు చీకటి పడకముందే దానిని కడుపునిండా తినిపించి వంటగదిలో ఉంచాలని నిర్ణయించాము. పాము కాటు నుండి పిల్లికీ అదే రక్షణ.

వైద్యుడు మూడు రోజులకొకసారి సూదిమందు ఇచ్చాడట. పాము శరీరం చల్లనిది, మందు నెమ్మదిగా ఖర్చవుతుంది. రెండవ వారంలో ఒక చోట చీము పట్టి శుభ్రం చేయవలసి వచ్చింది. ఆశ లేదనుకున్నాము. చిన్నవాడు ప్రతి జుమా నాడు అడిగేవాడు, మేము "ఉంది, ఇంకా ఉంది" అనేవాళ్లము. అయిదవ వారంలో యువకుడు ఒక కాగితపు పొట్లం తెచ్చి ఇచ్చాడు. లోపల కుబుసం. పొలుసులు వరుసగా ఉన్నాయి; ఒక్క చోట మాత్రం రెండు వేళ్ల మేర ముడతపడి ఉంది. పామును అటవీశాఖ వారి అనుమతితో ఊరి బయటి చెరువు గట్టున వదిలిపెట్టి వచ్చానని చెప్పాడు.

చిన్నవాడు కుబుసాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని ముడత దగ్గర చాలాసేపు చూశాడు. అతని వెనుక నుండి మరొక తల తొంగి చూసింది, చీపురుకట్ట పిల్లవాడిది.